మాగాయ ఊట చెప్పే పాఠం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మన నూజివీడు ప్రాంతంలో మాగాయ పెట్టని ఇల్లు అరుదు. తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో వేస్తాం. చుక్క నీరు పొయ్యం. అయినా మూడోనాటికి జాడీలో ఊట నిలుస్తుంది. ఆ నీరు ఎక్కడిది? ముక్కలోని కణాలదే.

ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, అందులో ఏడెనిమిది భాగాలు దాని మందం. కొవ్వు అణువులు అందులో రెండు వరుసలుగా నిలబడి ఉంటాయి. వాటి తలలకు నీరంటే ఇష్టం, తోకలకు గిట్టదు. అందుకే తలలు నీటి వైపు, తోకలు మధ్యలో దాక్కుని ఉంటాయి. ఉప్పు, చక్కెర ఈ కొవ్వును తేలిగ్గా దాటలేవు. నీరు దాటుతుంది, ఉప్పు ఎక్కువున్న వైపుకు పోతుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. ఊట రహస్యం ఇదే.

మరి మనం తిన్న ఉప్పు, చక్కెర ఒంటికి ఎలా పడుతున్నాయి? పొరలో ప్రోటీన్లతో ఏర్పడిన ద్వారాలున్నాయి. పేగు కణాల్లో ఒక ద్వారం, ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే రెండింటినీ లోపలికి పంపుతుంది. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. ఆ రెండూ వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. లోపల చేరిన సోడియాన్ని రక్తం వైపు తోసే పంపు వేరే ఉంది. దానికి ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవారు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో మనవి చేస్తాను. 1958 వేసవిలో మా చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ల పిల్ల. దాహం, దాహం అని ఏడ్చింది. నీళ్లిస్తే జబ్బు ముదురుతుందని పెద్దలు దూది తడిపి పెదవులకు అద్దమన్నారు. అద్దింది నేనే. తెల్లవారుజామున పోయింది. పెద్దల్ని తప్పుపట్టను. వారికి తెలిసింది అంతే.

కలరా విషం ఒంట్లో నీరంతా తోడేసినా ఆ జంట ద్వారాన్ని చెడగొట్టదు. 1971లో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీరు తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి.

కనుక నా విన్నపం ఒక్కటే. ఇంట్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచండి. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పొట్లం లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి. చిన్న చెంచా సుమా! ఉప్పు ఎక్కువైతే మాగాయ ముక్క గతే మనకూను. కొద్దికొద్దిగా తాగించండి, డాక్టరుకు చూపించండి. గుండె, మూత్రపిండాల జబ్బులు, షుగరు ఉన్నవారు ముందే తమ డాక్టరును అడిగి ఉంచుకోండి.

దాహమన్న వాళ్లకు మాత్రం నీళ్లు కాదనకండి.