ప్రోగ్రాముతోపాటు పంపవలసినవి

కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయు మావంటివారికి తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. "మీరు పంపినది మా యంత్రములో తెరచుకొనుటయే లేదు, ఏదో ఫైలు కనబడలేదని చెప్పుచున్నది" అని. వ్రాసినవారి బల్లమీద అది చక్కగనే నడచుచుండును. దాని వెంట పోవలసినవి పోకపోవుటయే యిందులకు కారణము.

మేము వ్రాసినదానిని కంపైలరు యంత్రభాషలోనికి మార్చును. అట్లు తయారైన ప్రోగ్రాములో సమస్తమును ఉండదు. అక్షరములను తెరపై దిద్దుట, బొమ్మలను విప్పుట, ఫైళ్లను కుదించుట మున్నగు పనులు వేరువేరు లైబ్రరీలలో నుండును. వానిని అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనును. విండోస్‌లో వీనికి డీఎల్‌ఎల్ అనియు, లినక్స్‌లో ఎస్‌ఓ అనియు పేర్లు. ప్రోగ్రాము మొదలగునపుడు లోడరు అనునది వీనిని వెదకి తెచ్చి జోడించును. కావలసినవానిలో ఒక్కటి దొరకకున్నను ప్రోగ్రాము కదలదు.

అట్లయిన అన్నింటిని మూటగట్టి పంపరాదా యని శ్రోతలు అడుగవచ్చును. పంపరాదు. పెండ్లివంటకు వచ్చువాడు తన గరిటెలను, జల్లెడలను తెచ్చుకొనును గాని గాడిపొయ్యిని మోసికొని రాడు గదా! లినక్స్‌లో గ్లిబ్‌సీ అను మూల లైబ్రరీ అట్టిది. అదియు లోడరును ఒకే జతగా తయారగును; విడదీసి ఒకదానినే పంపినచో రెంటికిని పొంతన కుదరదు. తెరకు బొమ్మను అందించు కార్డుకు సంబంధించిన లైబ్రరీలును ఆ యింటివే కావలెను. ఇక్కడ ఒక చిక్కు కలదు. కొత్త గ్లిబ్‌సీ గల యంత్రముపై కంపైలు చేసినది పాత యంత్రముపై తరచుగా నడువదు; పాతదానిపై చేసినది మాత్రము కొత్తదానిపై నడచును. పైథాన్ ప్యాకేజీల వారు తమ ప్రమాణములలో ఒకదానికి 2014లో వెలువడిన సెంటోస్ 7ను ఆధారముగా గైకొనినది ఇందుకొరకే. దాని గ్లిబ్‌సీ 2.17.

ఇక లైబ్రరీలను ఎక్కడ నుంచవలెను? విండోస్ ప్రోగ్రామున్న సంచిలోనే ముందుగా వెదకును గనుక, ప్రక్కన నుంచిన చాలును. లినక్స్ అట్లు చూడదు. "నేనున్న చోటనే వెదకుము" అని ప్రోగ్రాములోనే ఆరిజిన్ అను గురుతును వ్రాసి పంపవలెను. ఏ లైబ్రరీలు కావలెనో ఎల్‌డీడీ అను ఆజ్ఞ తెలుపును. అయినను నడుమ నడుమ అవసరమును బట్టి తెరచుకొను లైబ్రరీలు ఆ పట్టికలో కానరావు. అందుచేత, పనిముట్లేవియు లేని ఒక కొత్త యంత్రముపై నడపి చూడనిదే మేము దేనిని పంపము.

ఇంతకంటె బరువైన విషయము వేరొకటి కలదు. మూటలో పెట్టిన ప్రతి లైబ్రరీ బాధ్యతయు పంపినవారిదే యగును. 2002లో, ఫైళ్లను కుదించు జెడ్‌లిబ్‌లో భద్రతాలోపము బయటపడినది. ఉమ్మడి లైబ్రరీని మార్చినంత మాత్రమున దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు బాగుపడినవి. సొంత ప్రతిని తమలో దాచుకొనిన ప్రోగ్రాములను మాత్రము ఒక్కొక్కదానినే వెదకి సరిచేయవలసి వచ్చినది.

మన లిపికి సంబంధించిన ఉదాహరణము 2018 ఫిబ్రవరి నాటిది. తెలుగు జ్ఞకారముతో కూడిన ఒకానొక అక్షరక్రమము ఐఫోన్‌లలో సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలెడిది. ఒక సంస్థ ప్రోగ్రాము మాత్రమే కాదు, పెక్కుమంది తయారు చేసినవి కూలినవి. అక్షరములు దిద్దు లైబ్రరీ అందరికిని ఒక్కటే గదా. మన అక్షరమునకు ప్రపంచవ్యాప్తముగా పేరు వచ్చినది గాని, రావలసిన తీరు అది కాదు! అదే నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేయగా, ఆ ప్రోగ్రాములన్నియు ఒక్కసారిగా కుదుటబడినవి. ఎవరికి వారు సొంత ప్రతులను మోసియుండినచో, ప్రతివారును మేలుకొను వరకు ఆ లోపము నిలిచియుండెడిది.

కావున ఆ యింట దొరకునని నమ్మకము లేని లైబ్రరీలను మాత్రమే మేము వెంట పంపుదుము. వాని పేర్లను, సంఖ్యలను ఒక పట్టికగా మూటలోనే ఉంచుదుము. ఎల్‌జీపీఎల్ అనుమతిపై లభించిన లైబ్రరీలను ప్రోగ్రాములో కలిపివేయక విడి ఫైలుగనే ఉంచి, అనుమతిపత్రమును జతపరచుదుము. పుచ్చుకొనినవారు కోరినచో దానిని తీసి, సవరించిన మరియొక ప్రతిని ఆ చోటనే పెట్టుకొనవచ్చును.