సూక్ష్మదర్శినికి లోతుచూపు



చత్వారము వచ్చినవారు కండ్లజోడు చేతికందనప్పుడు కన్నులు చికిలించి ఉత్తరము చదువుట మీరెరుగుదురు. నేనును అట్లే చేయుచుందును. కంటిద్వారము సన్నగిల్లినకొలది దగ్గరి వస్తువులును దూరపు వస్తువులును ఒకేసారి కొంత తేటపడును. వెలుతురు మాత్రము తగ్గును. ద్వారము మరీ చిన్నదైనచో సన్నని భేదములు చెరిగిపోవును.

సూక్ష్మదర్శినికిని ఇదే చిక్కు. సన్నని వివరము కావలెనన్న దాని కటకము విశాలమైన కోణమునుండి కాంతిని గ్రహింపవలెను. ఆ కొలత రెట్టింపయినచో కాంతిబిందువు సగమగును, తేటగా కనబడు లోతు నాలుగవ వంతునకు దిగును. మిక్కిలి మేలైన కటకమునకు ఆ లోతు ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు, ప్రాంతమున నుండును.

చచ్చిన కణజాలమును పొరలు పొరలుగా తీరికగా చూడవచ్చును. బ్రదికియున్న చుంచెలుక మెదడు మనకొరకు ఆగునా? నాడీకణములు పనిచేయునపుడు మెరయునట్లు చేయు ఉపాయము గలదు. కాని మనము క్రిందిపొర చూచునంతలో పైపొరలోని మెరుపు ఆరిపోవును.

1987లో డర్నిన్, మిచెలి, ఎబర్లీ అనువారు చాలదూరము సన్నగనే సాగు లేసరు కాంతిని ప్రయోగమున చూపిరి. దానికి బెసెల్ కిరణమని పేరు. శంకువువంటి గాజుగుండ పంపినచో, కాంతి అన్నివైపులనుండి వాలుగా వచ్చి నడిమిరేఖపై కలియును. బిందువునకు మారుగా దబ్బనమువంటి వెలుగు దొరకును. అయితే దానిచుట్టును వలయములుండి బొమ్మను మసకపరచును.

ఈ దోషమునకు విరుగుడు మరియొకచోట దొరకినది. 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనువారు రెండేసి కాంతికణములను ఒక్కమారే గ్రహింపజేసి రంగుపదార్థమును మెరపించు సూక్ష్మదర్శినిని చూపిరి. ఇందు కాంతి పదవ వంతయిన చోట మెరుపు నూరవ వంతే. కావున వలయములు చాలవరకు అణగిపోవును! 2017లో నా జీ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఈ రెంటిని జతపరచి, జీవించియున్న జంతువుల మెదడులో పదులకొలది మైక్రానుల లోతును ఒక్క తుడుపుతోనే చిత్రించినట్లు ప్రకటించిరి.

దీనిని ఉచితలాభమని నేననను. లోతంతయు ఒకే తలమున పడుటచే ఏ కణము పైదో ఏది క్రిందిదో ఆ బొమ్మ చెప్పజాలదు. ఒకదానిపై నొకటి యున్నవి కలిసిపోవును. అందుచే ముందుగా పొరలవారీగా ఒక పటము తీసికొని, పిమ్మట ఈ కిరణముతో మెరుపులను గుర్తింతురు. కాంతి పొడవున పరచుకొనుటచే లేసరు బలమును ఎక్కువగా కావలెను. ఆ బలమునకు బ్రదికిన మెదడు వేడెక్కకుండ చూచుకొనుట ప్రయోగశాలలో నిత్యము తప్పని జాగ్రత్త.