పాడిపశువుల వంశావళి



అజ్ఞాతవాసమునకై విరటుని కొలువు చేరిన పాండవులలో గోగణముల పాలనము కోరుకొన్నవాడు సహదేవుడు. మేలైన లక్షణములు గల వృషభములను గుర్తించు నేర్పు తనకు కలదని అతడు రాజునకు విన్నవించుకొనెను. పాలిచ్చు ఆవు మాట విడిచి ఆబోతు మాట ఎత్తుట గమనింపదగినది. ఒక ఆవు తన జీవితకాలమున పది దూడలకు మించి ఈనుట అరుదు. ఆబోతు ఒక్కటి ఊరి మందనంతను మార్చివేయును.

పూర్వము పల్లెలలో గతించిన పెద్దల పేర అచ్చువేసి వృషభమును విడుచు ఆచారముండెను. ఆ ఆబోతును ఎవరును కట్టివేయరు. చేలో పడి మేసినను అదలించి తోలుదురే గాని దెబ్బ వేయుటకు చేయి రాదు. ఊరి ఆవులు దానివలననే చూలు కట్టెడివి. ఏర్పాటు మంచిదే గాని ఇందొక చిక్కు కలదు. ఆబోతునకు పుట్టిన పెయ్య సుమారు మూడేండ్లకు ఎదకు వచ్చును. అప్పటికిని ఆ ఆబోతే ఊరిలో నున్నచో తండ్రియే బిడ్డను దాటును.

దాటిననేమి? ప్రతి పశువునందును దాదాపు ప్రతి జన్యువునకు రెండేసి ప్రతులుండును. ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. ఎంత మేలుజాతి పశువునందైనను చెడిన ప్రతులు కొన్ని దాగియుండును. రెండవ ప్రతి బాగుగా నున్నంతకాలము చెడిన దాని సంగతి బయటపడదు. దగ్గర చుట్టరికపు పశువులు కలిసినప్పుడు పూర్వికుని ఒకే ప్రతి ఇరువైపులనుండి వచ్చి దూడలో జతపడుటకు వీలు కలుగును. పాతకాలపు అణాల లెక్కన చెప్పిన సులభముగా తెలియును. రూపాయికి పదునారణాలు గదా! తండ్రీకూతుళ్ల కలయికవలన పుట్టిన దూడకు ఇట్లు జతపడు అవకాశము నాలుగణాలు. తండ్రి యొక్కడై తల్లులు వేరైన పశువుల దూడకు రెండణాలు. అన్నదమ్ముల బిడ్డల వంటి పశువులకైనచో ఒక అణా. ఈ అణాలు పెరిగినకొలది చూలు నిలువకపోవుట, దూడలు బలహీనముగా పుట్టుట, పాలు తగ్గుట కానవచ్చును.

మనుష్యులలో సగోత్రమును వర్జించిరి. గోత్రము తండ్రివైపు వరుసనే చూచును. కావున ఎన్నడో విడిపోయిన శాఖలవారికి సంబంధము కూడదన్న కట్టుబాటే మేనమామకు పిల్లనిచ్చుటకు అడ్డు చెప్పదు. అణాల లెక్కలో అది రెండణాలు. ఇచ్చట చెప్పుచున్నది పశువుల సంగతి. వినువారు తమ ఇండ్లకు అన్వయించి చూచుకొన్నను లెక్క తప్పదు.

ఈ చిక్కు పల్లెటూరి ఆబోతుకే పరిమితమని తలపరాదు. అమెరికాలో హోల్‌స్టీన్ జాతి ఆబోతు 1962లో ఒకటి పుట్టెను. దాని పేరు చీఫ్. దాని కుమార్తెలు పాలధారలకు పెట్టినపేరు. వీర్యమును గడ్డకట్టించి నిలువచేయు విద్య అప్పటికే వచ్చియుండుటచే దానికి సుమారు 16,000 మంది కుమార్తెలు, 5 లక్షల మంది మనుమరాండ్రు కలిగిరి. పశువులను మంది యనుట వ్యాకరణమునకు సరిపడదేమో గాని వంశావళి చెప్పునప్పుడు నోట అట్లే వచ్చును. ఆ చీఫ్‌లో చెడిన జన్యువొకటి దాగియుండెను. అది ఇరువైపులనుండి జతపడిన పిండము గర్భములోనే నశించును. చచ్చిన దూడ కంటబడదు. ఆవు మరల ఎదకు వచ్చును, రైతు తన దురదృష్టమనుకొనును. ఈ దోషము 2011లో గాని పట్టుబడలేదు. అప్పటికి లోకమున సుమారు 5 లక్షల చూళ్లు దీనివలన పోయియుండునని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఐనను న్యాయము చెప్పవలెను: ఆ ఆబోతువలన పెరిగిన పాల విలువ ఈ నష్టముకంటె ఎన్నోరెట్లు అధికము. అందువలననే దానిని ఎవరును అనుమానింపలేదు. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకు వాడు హోల్‌స్టీన్ ఆబోతులన్నింటి తండ్రి వరుస 1880 ప్రాంతపు రెండే ఆబోతులయొద్దకు చేరుచున్నదని 2015లో వెల్లడియైనది.

ఇక మన ఒంగోలు జాతి. ఒంగోలు పరిసరములనుండి నరసరావుపేట, వినుకొండ వరకు ఇది దీని పుట్టినిల్లు. ఇచ్చటినుండి బ్రెజిలు చేరిన పశువులకు నెల్లూరి పేర నెలోర్ అని నామకరణమైనది. 1960 తరువాతి తొలి సంవత్సరములలో వెళ్లిన పశువులలో కరవది గ్రామపు పేరుగల ఆబోతొకటి. ఆ కొద్ది ఆబోతుల సంతతియే అచ్చటి మేలుమందలలో విస్తారముగా అల్లుకొన్నది. కావున సంఖ్యకేమి, కోట్లలో నున్నది; వంశపు వేళ్లు మాత్రము కొన్నియే.

పుట్టినింట సంఖ్యయే తగ్గెను. సాగరు కాలువలకు 1967లో నీరు వచ్చినది. బీళ్లు పొలములైనవి, ట్రాక్టరు వచ్చినది, పాలకు గేదె నిలిచినది. ఒకనాడు కోటప్పకొండకు ప్రభబండ్లు లాగిన ఎడ్లు నేడు చాలవరకు బండలాగుడు పందెములకే మిగిలినవి. పందెము గెలిచిన ఆబోతు కొరకు చుట్టుప్రక్కల ఊళ్లవారందరు ఆవులను తోలుకొనిపోవుదురు. పేరుగలదానిని కోరుట సహజమే. పదేండ్లు అందరును దానినే కోరినచో, పిమ్మట ఏ ఊరికి పోయి దూడను కొన్నను దాని మనుమడే దొరకును. గేదెల సంగతియు ఇట్టిదే. ఊరికొక్క ముర్రా దున్నను తెచ్చి ఆరేడేండ్లు దానినే ఉంచుకొన్న ఊళ్లు లేకపోలేదు.

ఊరి ఆబోతును, దున్నను మూడేండ్లలోపుగా దూరపు ఊరితో మార్చుకొనవలెను. సూది వేయించువారు వీర్యనాళికపైనున్న ఆబోతు సంఖ్యను అడిగి వ్రాసికొనవలెను. అడుగనిదే ఎవరును చెప్పరు. పశువు చెవికి వేయు పచ్చబిళ్లపై పండ్రెండంకెల సంఖ్య ఎట్లును కలదు. ఈ గ్రంథాలయమున రాజుల వంశావళులు బీరువాలో భద్రముగా నున్నవి. వాని ప్రక్కన ఊరి పాడిపశువులకొక వహి ఉంచిన స్థలము చాలకపోదు. పశువు బిళ్ల సంఖ్య, తల్లి, తండ్రి, తల్లికి తండ్రి, దాటించిన తేది: ఐదు గడులు చాలును. నేడు పుట్టిన పెయ్య మూడేండ్లకు ఎదకు వచ్చునాటికి ఆ తండ్రి గడి నిండియుండవలెను.