అమ్ముడుపోని పెళ్లి జోడా కూడా అమానతే

సకల స్తోత్రాలకు అర్హుడైన అల్లాహ్‌ను కొనియాడుతున్నాము. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురవాలని వేడుకుంటున్నాము.



2011 డిసెంబరు చివర అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ‘ప్రిసిల్లా ఆఫ్ బోస్టన్’ అనే పెళ్లి దుస్తుల దుకాణం మూతపడింది. మిగిలిన పెళ్లి గౌనులపై ఎర్ర రంగు చల్లించి చెత్తలో వేయించారు. బ్రిటన్‌కు చెందిన బర్బెరీ సంస్థ ఒకే ఏడాదిలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల విలువైన సరుకును ధ్వంసం చేసినట్లు 2018లో తన వార్షిక నివేదికలోనే వెల్లడించింది. విమర్శలు చెలరేగాక అదే ఏడాది సెప్టెంబరులో ఆ పద్ధతిని మానుకున్నది. ఇటువంటి సంస్థలు సరుకును ఎందుకు నాశనం చేస్తాయి? చౌకగా దొరికితే తమ పేరు పలుచనవుతుందని, సామాన్యులు తొడిగితే సంపన్నులు కొనరని వాటి భయం.

షరీఅత్ దృష్టిలో ఈ భయానికి విలువ లేదు. ధనానికి అసలు యజమాని అల్లాహ్. మనము కేవలం ధర్మకర్తలము. దుబారా చేసేవారిని దివ్య ఖురాన్ బనీ ఇస్రాయీల్ సూరాలో షైతాన్ సోదరులుగా పేర్కొన్నది. ధనాన్ని వృథా చేయడం అల్లాహ్‌కు అయిష్టమైన విషయాలలో ఒకటని మహాప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ మైమూనా (రజి) విడుదల చేసిన ఒక బానిస స్త్రీకి దానంగా వచ్చిన గొర్రె చనిపోయి పడి ఉండగా, దాని తోలునైనా ఎందుకు వాడుకోలేదని వారు ప్రశ్నించారు. అది చచ్చినదని సహచరులు విన్నవించగా, నిషిద్ధమైనది తినడం మాత్రమేనని వివరించారు. చచ్చిన గొర్రె తోలునే వ్యర్థం కానివ్వని ప్రవక్త సముదాయము మనది. కొత్త పెళ్లి బట్టను చింపి పారవేయడం మనకు ఎలా తగుతుంది?

ఇందులో దుబారాను మించిన పాపం మరొకటి ఉన్నది. పేదపిల్ల తొడిగితే బట్ట విలువ తగ్గుతుందనుకోవడం అహంకారం. సత్యాన్ని తిరస్కరించడం, ప్రజలను చులకనగా చూడడమే అహంకారమని ప్రవక్త (స) నిర్వచించారు.

మన ఇస్లామీయ సంప్రదాయం ఎటువంటిదో చూడండి. ఒకనాడు హజ్రత్ ఆయిషా (రజి) అయిదు దిర్హంల విలువగల ముతక అంగీ ధరించి ఉన్నారు. తమ పనిపిల్ల ఇటువంటిదానిని ఇంట్లో తొడగడానికి కూడా నామోషీ పడుతున్నదని చెప్పి, ప్రవక్త కాలంలో తమ వద్ద ఇలాంటి అంగీ ఒకటి ఉండేదని, మదీనాలో ముస్తాబయ్యే స్త్రీలు కబురు పంపి దానినే అరువు తెప్పించుకొనేవారని గుర్తుచేశారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. విశ్వాసుల మాతృమూర్తి వస్త్రం పరుల ఒంటిమీదికి వెళ్లినందున దాని గౌరవం తగ్గలేదు, పెరిగింది.

సోదరులారా! లాలాపేట్, నాచారం, తార్నాక ప్రాంతాల మనము పెళ్లి జోడా కోసం పత్తర్‌గట్టీకి, లాడ్ బజార్‌కు వెళుతుంటాము. ఒక్కపూట తొడిగే ఖడా దుపట్టా కోసం వడ్డీకి అప్పు చేసే తండ్రులు మన మధ్యనే ఉన్నారు. వడ్డీ హరామని తెలిసీ, వియ్యంకుల ఎదుట తల దించుకోలేక వారు ఆ గడప తొక్కుతున్నారు. షాదీ ముబారక్ పథకం కింద ప్రభుత్వం 1,00,116 రూపాయలు ఇస్తున్నా, పెళ్లి ఖర్చు అంతటితో తీరదు. అటువంటి ఇంటికి దుకాణపు అరలో మూలుగుతున్న ఒక్క జోడా చేరితే, ఒక కుటుంబం వడ్డీ నుండి బయటపడుతుంది.

బట్టల వ్యాపారులైన సోదరులకు మా మనవి ఇది. వ్యాపార సరుకుపై ఏటా రెండున్నర శాతం జకాత్ విధి. అమ్ముడుపోని జోడా కూడా ఆ లెక్కలోనిదే. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను వస్తురూపంలోనూ చెల్లించవచ్చు. అయితే ఏనాటిదో పాత బిల్లు ధర కాక, నేడు బజారులో నిజంగా పలికే ధరనే లెక్కగట్టాలి. లేకుంటే పేదల హక్కును మనమే కాజేసినవారమవుతాము. మరకపడినది, చిరిగినది ఇవ్వకూడదు. మనము కళ్లు మూసుకొని తప్ప పుచ్చుకోలేని వస్తువును దానం చేయవద్దని ఖురాన్ ఆదేశం.

ఇళ్లలోని బీరువాలను కూడా తెరుద్దాము. నిఖా నాడు తొడిగి మడతపెట్టిన జోడా ఏళ్ల తరబడి నలుపెక్కుతూ ఉంటే, అదీ నెమ్మదిగా జరిగే నాశనమే. ఇవ్వగలవారు ఇవ్వండి, మనసొప్పనివారు ఆయిషా (రజి) మాదిరిగా అరువైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఫొటోలు వద్దు, పెళ్లిలో గుర్తుచేయడం వద్దు. ఆ వధువు తన బట్టనే తొడిగినట్లు తలెత్తుకొని కూర్చోవాలి.

అమ్ముడుపోని వస్త్రాలను ధ్వంసం చేయరాదని ఫ్రాన్స్ 2020లో చట్టం చేసి, 2022 నుండి అమలుపరచింది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం పెద్ద సంస్థలకు 2026 జూలై నుండి అదే నిషేధం విధించింది. జరిమానాకు జంకి వారు మానుకోవచ్చు. మనము మానుకోవలసినది, ప్రళయదినాన ధనం ఎలా సంపాదించావు, దేనిలో వినియోగించావు అని అడిగే ప్రభువుకు జంకి.

ఓ అల్లాహ్! మా చేతులను దుబారా నుండి, మా హృదయాలను అహంకారం నుండి కాపాడు. మా బస్తీ ఆడపిల్లల నిఖాలను సులభతరం చేయి. ఆమీన్.