మీకే వదిలేస్తున్నాను

ఈ సాయంకాలం ఒక భోజనపు బల్లను గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను.

జపాను భాషలో 'ఒమాకసే' అనే మాట ఉంది. 'మీకే వదిలేస్తున్నాను' అని దాని భావం. సుషీ హోటలులో ఆ మాట అన్నవాడు ఇక మెనూ అడగడు. ఎదుట నిలబడిన వంటమాస్టరు, ఆ ఉదయం మార్కెట్టులో తానే ఏరుకొన్న చేపను కోసి, వెనిగర్ కలిపిన చిన్న అన్నపు ముద్దపై ఉంచి, ఒక్కొక్కటిగా ముందు పెడతాడు.

ఇది ధనవంతుల భోజనమని చాలామంది తలంపు. టోక్యోలోని సుకియాబాషి జిరోలో 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామా కూర్చుని తిన్నాక ఆ తలంపు మరీ బలపడింది. అయితే గమనించండి, ఈ సుషీ పెరిగింది వీధిలో. 1820ల నాటి ఎడోలో, అంటే నేటి టోక్యోలో, దారిన పోయేవాడు బండి దగ్గర నిలబడి తినిపోయిన తిండి అది. నేడు ఎంతో వెలగల కొవ్వు ట్యూనా ముక్కను ఆ దినాలలో పారవేసేవారు.

అందుబాటు ధరకు ఒమాకసే పెట్టే చిన్న కౌంటర్లు టోక్యోలోను, న్యూయార్క్‌లోను ఉన్నాయి. ఎలా సాధ్యం? ఎనిమిదో పదో కుర్చీలు. అందరికీ ఒకే వేళ, ఒకే వరుస. ఎంతమంది వస్తారో ముందే తెలుసు గనుక చేప మిగలదు. కోసేవాడు, వడ్డించేవాడు ఒక్కడే. ట్యూనా ఒకటి రెండు ముక్కలే. మిగతావి మన కవళ్లు, కానాగంతల వంటి చవక చేపలు. నా మట్టుకు, పనివాని చెయ్యి తెలిసేది వీటిలోనే. కానాగంతకు ఉప్పు పట్టించి, వెనిగర్‌లో ఉంచి, నీచు పోగొట్టడానికి ఎంత ఓపిక కావాలి! ట్యూనా దానంతట అదే బాగుంటుంది.

పచ్చి చేపా, అని కొందరు ముఖం చిట్లిస్తారు. పచ్చిదే. పురుగుల భయం ఉంది గనుకనే చాలా రకాలను సున్నాకు దిగువ 20 డిగ్రీలలో కనీసం 24 గంటలు గడ్డకట్టించి వాడతారు. మన చెరువు చేపతో ఇంట్లో ప్రయత్నించకండి సుమా.

నాకు ముఖ్యంగా తోచినది చెబుతాను. ఆయన మీద వదిలేశాం కదా అని మన వంతు తీరిపోదు. రొయ్య పడనివారు, గర్భవతులైన స్త్రీలు ఆ సంగతి సీటు అడిగినప్పుడే చెప్పాలి. కూర్చున్నాక చెబితే ఆయన ఏమి చేయగలడు? ధర కూడా ముందే అడగండి. అందులో సిగ్గేమిటి? మరియొకటి ఆలోచించండి. ఎనిమిది కుర్చీలలో ఒకదానికి మనిషి చెప్పకుండా రాకపోతే, ఆ పూట రాబడిలో ఎనిమిదో వంతు పోయినట్టే. అతని కోసం కొన్న చేప వృథా. ఆ చిన్న కౌంటరు వానికి అది ఇంటి అద్దె సొమ్ము. ఒక ఫోను చేయడానికి ఎంతసేపు పడుతుంది?

ముక్క పెట్టగానే తినండి. అన్నం అప్పటికి ఒంటి వెచ్చదనంతో ఉంటుంది. చేతితో తినవచ్చు, అది మనకు కొత్త కాదు. సోయా రసం ఆయనే పూసి ఉంటే మరల ముంచవద్దు. చివరకు తరచుగా తియ్యని గుడ్డు అట్టు వస్తుంది. ఇంకేమైనా కావాలా అని ఆయన అడిగితే, నచ్చినదాని పేరు చెప్పి మరొకటి అడగండి. దానికి మాత్రం ధర వేరే ఉంటుంది.