సిస్టర్ కసిరిందంటే...

ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో 'నర్సులెలా చూశారమ్మా?' అని నేనడిగితే ఆడవాళ్ళు మొదట చెప్పేది 'బాగానే చూశారు' అని. కాసేపు కూర్చుంటే గానీ రెండో మాట రాదు: 'పిలిస్తే పలకదు, కసురుకుంటుంది.' మంచమ్మీద ఉన్నన్నాళ్ళూ సూది ఆ సిస్టర్ చేతిలోనే ఉంది మరి! సంతృప్తి సర్వేలు చాలావరకు మొదటి మాట దగ్గరే ఆగిపోతాయి.

ఇంకో చిక్కుంది. రోగికి యూనిఫాం వేసుకున్న ఆడవాళ్ళంతా సిస్టర్లే. బిడ్డని చూపించడానికి ఆయా డబ్బులడిగినా చెడ్డపేరు నర్సుకే. బెడ్‌పాన్ పెట్టేది, ఒళ్ళు తుడిచేది చాలాచోట్ల రోగి తల్లో భార్యో. ఆ చాకిరీ ఎవరి లెక్కల్లోకీ రాదు.

బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటున్నారో మీరే వెళ్ళి లెక్కపెట్టండి. పనిభారం నిజం. కానీ అదే సిస్టర్ చదువుకున్నావిడని 'మీరు' అంటుంది, కూలికెళ్ళే మనిషిని 'ఏయ్' అంటుంది. దీన్ని పనిభారమని ఎలా అనగలం?

కాన్పుగదిలో ఇది తిట్లదాకా, దెబ్బలదాకా పోతుంది. ఇలాంటి ప్రవర్తన హక్కుల ఉల్లంఘనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించింది. కాన్పు సమయంలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఖాళీ పోస్టుల కోసం నర్సుల సంఘాలతో కలిసి అడుగుదాం. ఆ తోడుమనిషిని లోపలికి రానిస్తున్నారా లేదా అన్నది మాత్రం ఆసుపత్రి ఆసుపత్రికీ వెళ్ళి మనమే చూడాలి.