ఆముదం గెలలో మగపూలు



నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో పెరిగినవాళ్లకు ఆముదం కొత్త కాదు. గెలకు కింద మగపూలు, పైన ఆడపూలు. హైబ్రిడ్ చేయాలంటే గెలంతా ఆడపూలే పూసే తల్లి రకం కావాలి. టీఎస్‌పీ-10ఆర్ అనే అలాంటి రకంతోనే 1968లో గుజరాత్‌లో జీసీహెచ్-3 హైబ్రిడ్ వచ్చింది. మన పాలెం పరిశోధన స్థానం పీసీహెచ్-111 ఇచ్చింది.

ఇక్కడో తిరకాసు ఉంది. ఇలాంటి ఆడ రకాల్లో కొన్నింటికి ఎండ ముదిరితే గెల నడుమ మగపూలు వస్తాయి. జన్యువు మారలేదు, ఇన్నాళ్లూ ఊరుకున్నది వేడికి పనిలోకి దిగింది. అందుకే పుప్పొడి కావాల్సిన తల్లి విత్తనం పెంచుకోవడానికి వేసవి, హైబ్రిడ్ విత్తనానికి ఆ మగపూలు రాని చలికాలం. జన్యు వ్యక్తీకరణ అని వ్యవసాయ పట్టభద్రులైన మీరు పరీక్షకు బట్టీపట్టింది దీన్నే.

హైబ్రిడ్ కణంలోనూ ఇదే జరుగుతుంది: జన్యువులు మారవు, వాటి పని మారుతుంది. తల్లి వైపు నియంత్రణ ప్రోటీన్లు తండ్రి వైపు జన్యువుల మీదా పనిచేస్తాయి. అటు నుంచి ఇటూ అంతే. కొన్ని జన్యువుల పని ఇద్దరికీ మధ్యస్థంగా ఉంటుంది, కొన్ని ఇద్దరినీ మించుతాయి, కొన్ని అణుగుతాయి. 2009లో శాస్త్రవేత్త జెఫ్రీ చెన్ బృందం అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్క హైబ్రిడ్లలో గమనించింది: మొక్క దినచర్యను నడిపే సీసీఏ1, ఎల్‌హెచ్‌వై జన్యువులు పగటిపూట తగ్గాయి. వాటి అదుపులోని జన్యువులు పుంజుకుని పత్రహరితం, పిండిపదార్థం పెరిగాయి. బయటినుంచి వచ్చిన కొత్త జన్యువు ఒక్కటీ లేదు.

తల్లి, తండ్రి జన్యువుల ఈ పొత్తు ఏటా కొత్తగా కుదరాలి. గద్వాల నడిగడ్డలో పత్తి క్రాసింగ్ కూలీలు సాయంత్రం మొగ్గ వలిచి పుప్పొడి తిత్తులు తీసేది, తెల్లారి మగ పువ్వు తెచ్చి రుద్దేది అందుకే. "పోయినేటి గింజ దాచుకుంటే ఏమైతది సారూ?" అని రైతు అడిగితే "మొలవదు" అనేవాళ్లున్నారు. అది అబద్ధం. మొలుస్తుంది. కాకపోతే రెండో తరంలో జన్యువుల జోడీలు చెదిరి, చేనంతా ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. ఆ మాటే చెప్పండి.

ఏ జన్యువు ఎంత పనిచేయాలో నీరు, వేడి కూడా తేలుస్తాయి. కనుక తడి పెట్టిన మడిలో వచ్చిన దిగుబడి చూపించి వానాధార చెల్కకు విత్తన సంచి అంటగట్టకండి. ఏ నేలలో, ఏ కాలంలో పరీక్షించారో ముందు కంపెనీని అడగండి.